తుపాకీ మీద దుర్భిణి, మా చేలల్లో పందులు

అమెరికాలో 'వార్మింట్' వేట అని ఒకటుంది. పొలాలు పాడుచేసే ప్రెయిరీ డాగులు, ఉడ్‌చక్కులు, కొయోటీల్లాంటి వాటిని దూరం నుంచి రైఫిలుతో కొట్టడమన్నమాట. ఏ స్కోపు కొనాలి, అది ఎన్ని రెట్లు పెంచి చూపించాలి అని అక్కడ తెగ వాదించుకుంటారు. మరి మా తిరుపతి, చిత్తూరు వైపు కూడా అడివిపందులు చెనక్కాయ చేన్లో పడితే తెల్లారేసరికి ఏమీ మిగల్దు. అయినా మావాళ్ళు తుపాకీ మీద దుర్భిణి ఎందుకు పెట్టలేదు? డబ్బుల్లేక అనేస్తే సరిపోతుంది గానీ, నాకు మాత్రం అసలు కారణం చట్టంలో ఉందనిపిస్తుంది.

ముందు స్కోపు సంగతి. దుర్భిణి 1608 నాటికే ఉంది. కానీ తుపాకీ మీద నిలిచి పనికొచ్చే స్కోపు రావడానికి ఇంకో రెండువందల ఏళ్ళకు పైనే పట్టింది. 1840ల్లో జాన్ ఛాప్‌మన్ అనే సివిల్ ఇంజనీరు ఆలోచనతో మోర్గన్ జేమ్స్ అనే తుపాకుల తయారీదారు న్యూయార్క్ రాష్ట్రంలో వీటిని చేశాడు. (ఇంజనీర్లు ఎక్కడున్నా ఊరికే ఉండరు కదా!) మామూలు తుపాకీలో వెనక గాడి, ముందు ములుకు, అవతల జంతువు, ఈ మూడూ ఒక గీత మీదికి రావాలి. కన్ను మూడింటినీ ఒకేసారి స్పష్టంగా చూడలేదు. స్కోపులో గురి గీతలు, జంతువు ఒకే తలంలో కనిపిస్తాయి. అంటే అది తీర్చేది దూరం సమస్య.

మా వైపు సమస్య దూరం కాదు, చీకటి. కెన్నెత్ ఆండర్సన్ పుస్తకాలు చదివినవాళ్ళకి ఇది తెలుసు. 1954లో వచ్చిన ఆయన మొదటి పుస్తకంలో చామల లోయ పెద్దపులి కథ ఉంది. భాకరాపేట, రంగంపేట, పులిబోను, అన్నీ మనకి తెలిసిన పేర్లే. ఆయన చేతిలో ఉండేది .405 వించెస్టర్ రైఫిలు. రాత్రి మాటేసినప్పుడు ఆయన నమ్ముకున్నది దుర్భిణిని కాదు, తుపాకీకి బిగించిన టార్చి లైటుని. పది, ఇరవై గజాల్లోకొచ్చే జంతువుకి దుర్భిణెందుకు?

ఆండర్సన్‌కి రైఫిలన్నా ఉంది. రైతుకో? 1878లో లిట్టన్ కాలంలో వచ్చిన ఆయుధాల చట్టంతో భారతీయుడికి లైసెన్సు లేకుండా తుపాకీ ఉండకూడదన్నారు. స్వతంత్రం వచ్చాక 1959లో కొత్త చట్టం చేశారు. దాని 13వ సెక్షన్ చూడండి, పంట కాపలా కోసమైతే గొట్టం మూతిలోంచి మందు కూరి పేల్చే తుపాకీకి లైసెన్సు ఇవ్వొచ్చంటుంది. అది చాలదని అధికారికి అనిపిస్తేనే ఇంకో రకం నున్నటి గొట్టం తుపాకీ. నున్నటి గొట్టంలోంచి గుళ్ళు చెదిరిపోతాయి, నలభై యాభై గజాలు దాటితే గురి మీద నమ్మకం లేదు. దాని మీద స్కోపు పెట్టడమంటే ఎడ్లబండికి స్పీడోమీటరు పెట్టడమే.

ఇక ఏ జంతువుని కొట్టొచ్చు అనేది ఇంకో కథ. తెల్లవాళ్ళ పాలనలో పులిని, చిరుతని చంపినవాడికి సర్కారే బహుమతి డబ్బులిచ్చేది. 1972 వన్యప్రాణి చట్టంతో లెక్క తిరగబడింది. అందులో పీడ జంతువుల జాబితా ఒకటి ఉండేది, కాకులు, ఎలుకల్లాంటివి అందులో ఉండేవి. అడివిపంది అందులో లేదు. 2022 సవరణతో ఆ జాబితానే తీసేశారు. అయితే కేంద్రం ఫలానా చోట, ఫలానా కాలానికి ఒక జంతువుని పీడగా ప్రకటించొచ్చు. 2016లో ఉత్తరాఖండ్‌లో అడివిపందికి అలాగే ప్రకటించారు. అది కాక, పంటకి ముప్పుంటే 11వ సెక్షన్ కింద అటవీ అధికారి వేటకి అనుమతి ఇవ్వొచ్చు.

దారి కాగితం మీద ఉంది. కానీ చేను ఈ రాత్రే పోతుంటే రైతు అర్జీ పెట్టుకుని ఎన్నాళ్ళు కూర్చుంటాడు? కంచెకి కరెంటు తీగ తగిలిస్తాడు, లేదంటే నాటుబాంబు పెడతాడు. తీగకి పందీ, ఏనుగూ, పక్క చేను రైతూ తేడా తెలీదు. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవిలోని ఏనుగులు ఇలాంటి తీగలకే చచ్చిపోయాయి. నాటుబాంబు కొరికి ఆవుల దవడలు పగిలిపోతాయి.

స్కోపు విషయంలో నేను ముఖ్యమనుకునేది ఇదే: కొట్టడానికి ముందు అదేంటో చూడడం. మందమైన వెలుతురులో ఎన్ని రెట్లు అనేదానికన్నా కంటికి చేరే కాంతి పుంజం వెడల్పు ముఖ్యం. ముందు కటకం వెడల్పుని రెట్లతో భాగిస్తే అది వస్తుంది. 6x42కి 7 మిల్లీమీటర్లు, చీకట్లో మన కంటిపాప తెరుచుకునేదీ సుమారు అంతే. అదే 40 మిల్లీమీటర్ల కటకంతో 18 రెట్లకి పోతే 2.2కి పడిపోతుంది. టెక్సాస్‌లో ఉండి అడివిపందుల మీదికి పోయే మనవాళ్ళెవరైనా ఉంటే పెద్ద అంకె చూసి మోసపోకండి.

ఇక్కడ మాత్రం, అనుమతి ఎలాగూ చట్టంలో ఉన్నప్పుడు, దాన్ని రోజుల్లో ఇచ్చి, శిక్షణ ఉన్నవాళ్ళని మంచి రాత్రి దుర్భిణితో పంపితే ఏమవుతుంది? కరెంటు తీగ కన్నా అది పందికీ నయం, మనిషికీ నయం అని నా అభిప్రాయం. మీ ఊళ్ళో రైతులు ఏం చేస్తున్నారో చెప్పండి.