స్టీరింగులోని సంచి: రెజైనా వృత్తాంతము

కెనడా దేశపు గోధుమ మైదానముల నడుమ, కనుచూపు మేర కొండ యన్నది లేని సమతలమున వెలసిన రెజైనా నగరము సస్కాచెవాన్ రాష్ట్రమునకు రాజధాని. 1928లో జనరల్ మోటార్స్ వారిచ్చట కార్లను కూర్చు కర్మాగారమొకటి నెలకొల్పిరి; ఆర్థికమాంద్యము దానిని మూయించెను, యుద్ధము దానిని ఆయుధశాలగా మార్చెను. కర్మాగారము పోయినను కారు పోలేదు. ఊరికి ఊరు దూరమై, శీతకాలమున రోడ్డు గాజువలె గడ్డకట్టు ఆ సీమలో కారు లేక బ్రతుకు సాగదు.

కారు ఉన్నచోట ప్రమాదమును ఉండును. తప్పెవరిదని న్యాయస్థానమున తేలువరకు గాయపడినవాడు వైద్యపుఖర్చులకై అప్పులపాలు కావలసినదేనా యను ప్రశ్నకు, 1944లో టామీ డగ్లస్ నాయకత్వమున అధికారమునకు వచ్చిన రాష్ట్ర ప్రభుత్వము సమాధానము వెదకి, 1945లో రెజైనా కేంద్రముగా ప్రభుత్వ బీమా సంస్థను స్థాపించి, 1946లో మోటారు ప్రమాద బీమా చట్టమును అమలుపరచెను. తప్పొప్పులతో నిమిత్తము లేక క్షతగాత్రునకు పరిహారమిచ్చు నిర్బంధ ప్రభుత్వ బీమా ఉత్తర అమెరికాలో అదియే ప్రథమము. అయినను బీమా యనునది దెబ్బ తగిలిన పిమ్మట వచ్చు ధనమే గాని దెబ్బను ఆపునది కాదు. ఆ పనికి 1977లో సీటుబెల్టు చట్టము వచ్చెను. ఢీకొన్నపుడు ఉబ్బి అడ్డునిలుచు సంచి, అనగా ఎయిర్‌బ్యాగు, మరికొంత ఆలస్యముగా వచ్చెను.

దాని పుట్టుక అమెరికాలో. 1952లో జాన్ హెట్రిక్ అను ఇంజనీరు భార్యాకుమార్తెలతో కారులో పోవుచు, అడ్డువచ్చిన రాతిని తప్పించబోయి గోతిలోనికి దిగినపుడు, బిడ్డ ముందునకు పడకుండ దంపతులిద్దరి చేతులును అప్రయత్నముగా అడ్డుపోయినవట. ఆ చేతులు చేసిన పనిని యంత్రముచేత చేయింపరాదా యని ఆయన చేసిన ఆలోచనకు 1953లో పేటెంటు లభించెను. కాని దాని గడువు తీరువరకును ఏ కంపెనీయు ఆ సంచిని కారులో పెట్టి అమ్మలేదు. 1998 నమూనాల నుండి అమెరికాలో ముందుసీట్ల రెండింటికిని అది విధియయ్యెను; కెనడా విపణియు ఆ త్రోవనే నడచెను.

ఇక రక్షకమే భక్షకమైన ఘట్టము. జపానుకు చెందిన తకాటా సంస్థ సంచిని ఉబ్బించుటకు అమ్మోనియం నైట్రేటును వాడెను. ఆ లవణము రెజైనా రైతుకు అపరిచితము కాదు. నగరమునకు పడమట బెల్ ప్లేన్‌లోని కర్మాగారమున యూరియాతో కలిసిన ద్రవపుటెరువుగా అదియే తయారగుచున్నది. పొలమున పైరును పెంచు ఆ పదార్థము, తేమయు వేడియు ఏండ్ల తరబడి సోకినచో సంచిలో దానిని నింపిన బిళ్లలు చిట్లి పొడియై, మండవలసిన దానికంటె వేగముగా మండి, లోహపు డబ్బీని పగులగొట్టి ముక్కలను చోదకుని కంఠముపైకి విసరును. 2008లో హోండా కార్లతో ఆరంభమైన వాపసు ప్రకటనలు ప్రపంచమున పదికోట్ల ఇన్‌ఫ్లేటర్లను, అనగా సంచిని ఉబ్బించు ఆ డబ్బీలను, దాటెను. 2017లో తకాటా దివాలా తీసెను. రెజైనా పొడిగాలియు చలియు ఆ రసాయనమునకు కొంత అనుకూలమే. కాని కారు ఏ తేమప్రాంతమునుండి చేతులు మారి వచ్చినదో ఎవరెరుగుదురు?

ఇట్టి సంచిని మార్చుటకు పట్టు కాలము స్వల్పము, జాగ్రత్త అధికము. బ్యాటరీ తీగ విప్పి, కెపాసిటరులోని శేషవిద్యుత్తు హరించువరకు కొన్ని నిమిషములాగి, స్టీరింగు వెనుకనున్న మరలు విప్పి, పసుపుపచ్చ కనెక్టర్లను ఊడదీసి, సంచి ముఖము తనవైపునకు గాక బయటికుండునట్లు పట్టుకొని, ముఖము పైకుండునట్లు బల్లపై ఉంచవలెను. బోర్లించినచో ప్రేలినపుడు ఆ పరికరము పైకి లేచి ఇంటికప్పును తాకగలదు. ఇది ఇంటి ముంగిట చేయదగిన పని కాదు. ప్రమాదమున సంచి విచ్చుకొన్న చిన్న పాతకారు సంగతి వేరు: సంచులు, బెల్టులు, నియంత్రణపరికరము మార్చుఖర్చు తరచు కారు వెలను మించును గనుక, బీమావారు దానిని సర్వనష్టముగా లెక్కించి తుక్కునకు పంపుదురు.

రెజైనాలో పాత చిన్నకారు కొనిన తెలుగువారెవరైనను ముందుటద్దము క్రింద కానవచ్చు 17 అక్షరాంకెల సంఖ్యను కంపెనీవారి వాపసు జాబితాతో సరిచూచుకొనుడు. వాపసు ప్రకటించిన తకాటా సంచి యని తేలినచో డీలరు ఉచితముగనే మార్చును.