అసీరె మాల్టా: ఒక రేవులో ఒక్క రోజు

మాల్టా పేరు నేను మొదట విన్నది మా ఉర్దూ మీడియం బడిలో. మౌలానా మహమూద్ హసన్ సాహెబ్ పేరు ఎత్తితే చాలు, మా ఉస్తాద్ ముందు 'అసీరె మాల్టా' అని చేర్చేవారు. అసీర్ అంటే ఖైదీ. ఆ వయసులో మాకు మాల్టా అంటే అండమాన్ లాంటి ఇంకో కాలాపానీ. అది సిసిలీకి దక్షిణాన మధ్యధరా సముద్రంలో ఉన్న చిన్న దీవి అని, దునియా నలుమూలల నుంచి జనం సెలవులకు వెళ్లే చోటు అని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

కిందటేడాది కుటుంబంతో వెళ్లిన క్రూయిజ్ సఫర్‌లో మా జహాజ్ ఆ దీవి రాజధాని వలెట్టాలో ఒక రోజు ఆగింది. పొద్దున దిగాలి, సాయంత్రానికల్లా మళ్లీ ఎక్కాలి. పిల్లలకు ఐస్‌క్రీమ్, బేగమ్‌కి బజార్, నాకు తారీఖ్. అలా పంచుకున్నాం.

వలెట్టా పుట్టుకే ఒక జంగ్ నుంచి. 1565లో ఉస్మానీ తుర్కుల ఫౌజ్ మాల్టాను ముట్టడించింది. దాదాపు నాలుగు నెలల లడాయి తర్వాత వెనక్కి మళ్లింది. తుర్కుల వైపు పేరున్న సముద్ర సర్దార్ తుర్గుత్ రయీస్ ఇక్కడే చనిపోయాడు. మరుసటి ఏడాది, 1566లో, సెంట్ జాన్ నైట్ల పెద్ద జాన్ ద లా వలెట్ ఈ షహర్‌కి పునాది వేశాడు. ఆయన పేరే ఊరి పేరు అయింది. గైడ్లు చెప్పే కథ ఎక్కువగా ఇదే. ఆ కథలో ముసల్మాన్ అంటే గోడ అవతల నిలబడిన దుష్మన్.

ఆ కథ ఝూట్ కాదు. అంతకు పద్నాలుగేళ్ల ముందు, 1551లో, అదే తుర్గుత్ రయీస్, సినాన్ పాషా పక్కనున్న గోజో దీవి మీద పడి, అక్కడి వేలాది మందిని గులాములుగా పట్టుకుపోయారు. మన పిల్లలకు తుర్కుల బహాదురీ చెప్పేటప్పుడు ఇది కూడా చెప్పాలి. అలాగే నైట్లు సముద్రం మీద పట్టుకున్న ముసల్మాన్లు ఈ వలెట్టాలో గులాములుగా బతికారు, నైట్ల ఓడల్లో తెడ్లు లాగారు. ఆ గులామీ 1798లో నెపోలియన్ వచ్చి రద్దు చేసేదాకా సాగింది. జుల్మ్‌కి మజ్హబ్ ఉండదు, తారీఖ్ చదివితే ఎక్కడైనా తేలేది ఇదే.

నన్ను నిలబెట్టేసింది మాత్రం ఆ ఊరి జబాన్. మాల్టా ప్రజలు దాదాపు అందరూ కేథలిక్కులు. వాళ్లు మాట్లాడే భాష అరబీ నుంచి పుట్టింది, రాసేది రోమన్ లిపిలో. 870లో అరబ్బులు ఈ దీవిని గెలిచారు, 1091లో నార్మన్లు వచ్చారు. హుకూమత్ పోయింది, నెమ్మదిగా మజ్హబ్ కూడా పోయింది, జబాన్ మిగిలింది. పుస్తకాన్ని 'క్తీబ్' అంటారు, అంటే మన కితాబ్. సూర్యుడు 'షెమ్ష్', మన షమ్స్. వలెట్టాని అక్కడివాళ్లు 'ఇల్-బెల్త్' అంటారు, అదే బలద్, ఊరు. రేవుకి ఆనుకుని ఉన్న పేట పేరు మర్సా, అరబీలో లంగరు వేసే చోటు. ఈస్టర్ ముందు వాళ్లు పాటించే ఉపవాస దినాలను 'రన్దాన్' అంటారు, మన రమదానే. చర్చిలో వాళ్లు దేవుణ్ని పిలిచే పేరు 'అల్లా'. తెలుగు మాట్లాడితే హిందువు, ఉర్దూ మాట్లాడితే ముస్లిం అని లెక్క కట్టేవాళ్లను ఒకసారి ఆ గల్లీల్లో తిప్పాలనిపించింది.

జుహర్ తర్వాత అప్పర్ బరక్కా అనే తోటకి వెళ్లాను. అక్కడి నుంచి గ్రాండ్ హార్బర్ మొత్తం కనిపిస్తుంది. నీళ్లకు అవతల కోట గోడల మధ్య మూడు పాత ఊళ్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో అంగ్రేజుల ఖైదీ క్యాంపులు అటువైపే ఉండేవి, వర్దాలా కోట చుట్టుపక్కల. 1914లో మద్రాసు రేవు మీద గుండ్లు కురిపించిన జర్మన్ ఓడ ఎమ్డెన్ నావికులనూ మాల్టాకే తెచ్చారు. 1917 ఫిబ్రవరిలో మన మౌలానా సాహెబ్‌ను కూడా.

ఆయన చేసిన జుర్మ్ ఏమిటి? దేవ్‌బంద్ దారుల్ ఉలూమ్ తొలి విద్యార్థి, తర్వాత అక్కడే పెద్ద ఉస్తాద్. హిందుస్తాన్ ఆజాదీ కోసం బయటి మదద్ కూడగట్టాలని 1915లో హిజాజ్ వెళ్లారు, తుర్కు అధికారులను కలిశారు. ఆయన షాగిర్ద్ ఉబైదుల్లా సింధీ కాబూల్‌లో ఏర్పడిన ఆజాద్ హిందుస్తాన్ హుకూమత్‌లో వజీర్. దాని సదర్ రాజా మహేంద్ర ప్రతాప్, ఒక హిందువు. 1916లో సింధీ సాహెబ్ పట్టు గుడ్డ మీద రాసిన ఖత్‌లు అంగ్రేజుల చేతికి చిక్కాయి. అదే రేష్మీ రుమాల్ తెహ్రీక్. ఈలోగా మక్కాలో షరీఫ్ హుసేన్ అంగ్రేజులతో కలిసి తుర్కుల మీద బగావత్ చేశాడు. తుర్కులకు వ్యతిరేకమైన ఫత్వా మీద దస్తఖత్ చేయమంటే మౌలానా ఇన్కార్ చేశారు. షరీఫ్ ఆయన్ని పట్టి అంగ్రేజులకు అప్పగించాడు. హరమ్ ఉన్న గడ్డ మీద, కల్మా చదివే హాకిమ్ చేతుల మీదుగా.

అప్పటికి ఆయనకు అరవై అయిదు దాటాయి. వెంట షాగిర్ద్ హుసేన్ అహ్మద్ మదనీ, మరికొందరు. వాళ్లలో హకీమ్ నుస్రత్ హుసేన్ సాహెబ్ మాల్టాలోనే ఇంతెఖాల్ అయ్యారు, వతన్ మళ్లీ చూడలేదు.

నేను ఫెర్రీ ఎక్కి అటువైపు వెళ్లాను. గోడల వెంట ఓ గంట నడిచాను. నేను నడిచిన దారిలో ఆయన పేరు ఎక్కడా కనపడలేదు. హకీమ్ సాహెబ్‌ను తలచుకుని ఫాతిహా చదివాను. మర్హూమ్‌కి చేరడానికి దానికి బోర్డు అక్కర్లేదు.

మూడేళ్ల ఖైద్‌లో మౌలానా ఏం చేశారన్నదే అసలు సంగతి. హిందుస్తాన్‌లో మొదలుపెట్టిన ఖుర్‌ఆన్ ఉర్దూ తర్జుమాను అక్కడ పూర్తి చేశారు. 1920 జూన్‌లో బంబైలో దిగినప్పుడు ఖిలాఫత్ కమిటీ 'షేఖుల్ హింద్' ఖితాబ్ ఇచ్చింది. తనను పట్టించిన వాళ్ల మీద పగతో ఆయన తిరిగి రాలేదు. ముసల్మాన్ల బర్బాదీకి రెండు సబబులు చెప్పారు: ఖుర్‌ఆన్‌ను వదిలేయడం, తమలో తాము కొట్టుకోవడం. అక్టోబర్ 29న అలీగఢ్‌లో జామియా మిల్లియాకు పునాది వేశారు. జబ్బుతో గొంతు రాక ఆయన ఖుత్బాను షబ్బీర్ అహ్మద్ ఉస్మానీ చదివి వినిపించారు. నెల తర్వాత, నవంబర్ 30న ఢిల్లీలో కన్నుమూశారు. చివరి నెలల్లోనూ ఆయన పిల్లల తాలీమ్ గురించి ఆలోచించారు.

మనలో చాలామంది ఇళ్లల్లో, అల్మారా పై అరలో, గిలాఫ్‌లో చుట్టి తఫ్సీరె ఉస్మానీ ఉంటుంది. అందులో ఆయత్ కింద ఉన్న ఉర్దూ తర్జుమా షేఖుల్ హింద్‌దే, మాల్టా ఖైద్‌లో ముగించిందే. ఈ జుమా రోజు దాన్ని కిందికి దించి పిల్లలకు చూపించండి. చదవడం రాకపోతే పక్కన కూర్చుని ఒక ఆయత్ చదివి, తెలుగులోనే మానీ చెప్పండి.