గని కార్మికుని విశ్రాంతి – గురువు వేసట

తెలుగులో అలసటకు, వేసటకు తేడా ఉన్నది. రోజంతా శ్రమించిన దేహానికి కలిగేది అలసట. ఒక రాత్రి నిద్రతో అది తీరుతుంది. చేస్తున్న పని మీదనే మనసు విరిగిపోవడం వేసట; అది నిద్రతో తీరదు. ఉపాధ్యాయులలో కనిపించే ఈ రెండవ స్థితినే నేడు బర్న్‌ఔట్ అంటున్నారు. ఇంట్లో పెద్దలైతే డస్సిపోవడం అంటారు. ఈ స్థితికి లోనైన గురువును చూచి లోకం సాధారణంగా రెండు మాటలు అంటుంది: "ఓపిక లేదు", "వయసు మీద పడింది". లోపం మనిషిలో ఉన్నదని ఈ రెండు మాటల అర్థం. కాదు, లోపం చాలావరకు పని పరిస్థితులలో ఉంటుందని నేర్పిన ఊరు మన కోలారు జిల్లాలోనే ఉన్నది. అది చాంపియన్ రీఫ్స్.

కోలారు బంగారు గనులను లండనుకు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ 1880లో చేపట్టింది. మరుసటి దశాబ్దాలలో మారికుప్పం, చాంపియన్ రీఫ్స్, ఊరుగాం, కోరమాండల్ ప్రాంతాలలో కార్మిక వాడలు వెలిశాయి. తమిళ, తెలుగు, కన్నడ కుటుంబాలు పక్కపక్క ఇండ్లలో కాపురముండి, ఒకరి భాష ఒకరు నేర్చుకున్నాయి. 1902లో శివనసముద్రం నుండి ఇక్కడికి విద్యుత్తు వచ్చింది. చాంపియన్ రీఫ్ గని క్రమంగా మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు దిగి, ప్రపంచంలోని అత్యంత లోతైన గనులలో ఒకటిగా పేరు పొందింది. అంత లోతున శిల ఉష్ణోగ్రత 60 డిగ్రీల సెల్సియస్ దాటేది. గాలిని చల్లబరచి క్రిందికి పంపితే తప్ప మనిషి నిలువలేడు. పైనున్న శిలాభారం వల్ల రాతిపొరలు హఠాత్తుగా పగిలి విరుచుకుపడే ప్రమాదం నిత్యమూ ఉండేది.

ఇటువంటి చోట "నీకు ఓపిక లేదు" అన్న మాట చెల్లదు. ఎంత బలవంతుడైనా ఆ వేడిలో కొన్ని గంటలకు మించి పనిచేయలేడు. కనుక విశ్రాంతిని కార్మికుని మనోబలానికి వదలకుండా చట్టంలో వ్రాయవలసి వచ్చింది. 1952 నాటి గనుల చట్టం ప్రకారం భూగర్భంలో పనిచేసేవానికి రోజుకు ఎనిమిది గంటలే పని. వారంలో ఆరు రోజులకు మించి ఎవరిచేతనూ పని చేయించరాదు. ఆ చట్టంలోనే, సవరణల తరువాత, మరొక సూక్ష్మమైన నియమం కనిపిస్తుంది. గనికి సంబంధించిన పనిని పైభాగాన చేసేవానికి ఇరవై పనిదినాలకు ఒక రోజు వేతనంతో కూడిన సెలవు. భూగర్భంలో చేసేవానికి పదిహేను పనిదినాలకే ఒక రోజు. అనగా పని ఎంత లోతైనదో విశ్రాంతి అంత ఎక్కువ కావాలని చట్టమే అంగీకరించింది. ఆ అదనపు సెలవును ఎవరూ సోమరితనం అనలేదు.

రెండవ పాఠం వ్యాధికి పేరు పెట్టడం. గనిలో రాతి ధూళి పీల్చినవారికి దగ్గు, ఆయాసం వచ్చేవి. పేరు లేనంతకాలం ఆ దగ్గు కార్మికుని సొంత గోడు మాత్రమే. సిలికోసిస్ అనే ఈ ఊపిరితిత్తుల వ్యాధి మన దేశంలో మొదటిసారి 1947లో కోలారు గనుల నుండే నివేదితమైనదని వైద్య గ్రంథాలు చెబుతాయి. తరువాత అది గనుల చట్టం క్రింద తప్పనిసరిగా తెలియజేయవలసిన వ్యాధి అయింది. పేరు వచ్చిన తరువాత ప్రశ్న మారింది. "ఇతడికి ఏమైంది?" అనడానికి బదులు "ఇతడు పీల్చిన గాలిలో ఏమున్నది?" అని అడగడం సాధ్యమైంది.

మూడవ పాఠం గౌరవానికి సంబంధించినది. 1930లో యాజమాన్యం కార్మికులందరి వేలిముద్రలు తీసుకొని నమోదు చేసే పద్ధతిని తేబోయింది. దానిని వ్యతిరేకిస్తూ వేలాదిమంది కార్మికులు సమ్మెకు దిగారు. మూలధాతువు వెలికితీసే చేతిని నేరస్థుని చేయిగా చూడడం వారికి సహించలేదు. భరించరానంత శ్రమను భరించినవారు అపనమ్మకాన్ని భరించలేకపోయారన్నది ఇక్కడ గమనించదగిన విషయం.

ఇప్పుడు గని నుండి బడికి వద్దాం. బడిలో రాళ్ళు విరుచుకుపడవు. ధూళి అంటే సుద్దముక్క ధూళియే. అయినా గురువు వేసటకు పేరు రావడానికి గని కార్మికుని దగ్గుకంటె ఎక్కువ కాలం పట్టింది. న్యూయార్కులో ఉచిత వైద్యశాలలో సేవ చేసేవారు ఉత్సాహంతో వచ్చి, కొంతకాలానికి లోపల బూడిదైనట్లు మారడం గమనించిన మనస్తత్వ శాస్త్రవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ 1974లో ఈ స్థితి గురించి వ్యాసం వ్రాశారు. క్రిస్టినా మాస్లాక్, సూజన్ జాక్సన్ 1981లో దీనిని కొలిచే ప్రశ్నావళిని ప్రకటించారు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణలో దీనిని పనికి సంబంధించిన స్థితిగా నిర్వచించింది; ఆ వర్గీకరణ 2022 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. సరిగా చూసుకోని పని ఒత్తిడి నుండి ఇది పుడుతుందని ఆ నిర్వచనం చెబుతున్నది.

మాస్లాక్ చెప్పిన లక్షణాలు మూడు. మొదటిది, శక్తి పూర్తిగా ఉడిగిపోవడం. ఉదయం బడికి బయలుదేరేటప్పుడే సాయంత్రపు అలసట ఉంటుంది. రెండవది, మనుషుల పట్ల విముఖత. నిన్నటిదాకా పేరుపెట్టి పిలిచిన పిల్లవాడు నేడు హాజరుపట్టీలో ఒక అంకెగా తోస్తాడు. మూడవది, తాను చేసినదంతా వ్యర్థమన్న భావం. ఇన్నేళ్ళు గుణింతాలు నేర్పి ఏమి సాధించానన్న ప్రశ్న వెంటాడుతుంది. సహోపాధ్యాయులలో ఈ రెండవ లక్షణాన్ని చూచినప్పుడు మనం తొందరపడి కఠినుడని ముద్ర వేస్తాము. అది స్వభావం కాదు, లక్షణం.

అల్పసంఖ్యాక భాషను బోధించేవారికి ఈ మూడవ లక్షణం త్వరగా సోకుతుంది. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించేందుకు ప్రయత్నించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతున్నది. 1956లో ఏడవ సవరణ ద్వారా అది చేరింది. అంతకుముందే, 1949 ఆగస్టులో జరిగిన రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక లెక్క చెప్పింది: తరగతికి పదిమంది గాని, బడి మొత్తానికి నలభైమంది గాని ఆ భాష పిల్లలుంటే ఒక ఉపాధ్యాయుణ్ణి ఏర్పాటు చేయాలి. సదుద్దేశంతో చెప్పిన మాటయే. కాని దాని నీడలో తెలుగు పంతులు ప్రతి జూన్ నెలలో తలలు లెక్కపెట్టుకుంటాడు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన తరువాత ఎన్నో కుటుంబాలు ఊరు విడిచాయి. ఉన్నవారిలో చాలామంది తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరుకు పనికి పోయి, పొద్దుపోయి ఇల్లు చేరుతున్నారు. అటువంటి ఇంటి నుండి వచ్చే పిల్లల సంఖ్య తగ్గితే అందుకు పంతులు కారణం కాడు. అయినా ఆ తగ్గుదలను అతడు తన ఓటమిగా మోస్తాడు. మోయనక్కరలేని బరువు ఇది. కోలుకోవడంలో మొదటి మెట్టు దానిని దింపడమే.

వేసవి సెలవులున్నాయి కదా, ఇంకేమి విశ్రాంతి అని కొందరడుగుతారు. మీనా వెస్ట్‌మన్, డోవ్ ఈడెన్ 1997లో ప్రకటించిన అధ్యయనం దీనికి సమాధానమిస్తుంది. వారు కార్యాలయ గుమాస్తాలను సెలవుకు ముందు, సెలవులో, సెలవు తరువాత పరిశీలించారు. సెలవులో వేసట తగ్గింది. తిరిగి పనిలో చేరిన మూడు వారాలకు మునుపటి స్థాయికే చేరింది. పని మారకపోతే సెలవు ఫలం నిలువదు. గని కార్మికుణ్ణి నెల రోజులు ఊరికి పంపి, మళ్ళీ గాలి ఆడని సొరంగంలోకే దించితే ఏమి లాభం? గాలిని కూడా మార్చాలి.

ఆ గాలిని మార్చే మార్గాలు మనకు అందుబాటులో ఉన్నవే.

మొదటిది, పనికి హద్దు. షిఫ్ట్ ముగిసిన కార్మికుడు పైకి వచ్చేవాడు. గనిని ఇంటికి మోసుకుపోయేవాడు కాడు. గురువు మాత్రం జవాబుపత్రాలు, పట్టికలు, ఇప్పుడు చేతిఫోనులో సందేశాలు కూడా ఇంటికి తీసుకుపోతాడు. వారంలో ఒక సాయంత్రమైనా బడి పని ముట్టనని నియమం పెట్టుకోవడం చిన్న ప్రారంభం. బోధనేతర పనుల విషయంలో చట్టం మనవైపున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 27వ విభాగం జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల విధులు తప్ప ఇతర విద్యేతర పనులకు ఉపాధ్యాయులను వినియోగించరాదని చెబుతున్నది. ఎన్నికల పనిని సైతం సెలవు దినాలలో, బోధన లేని దినాలలో చేయించాలని 2007 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ రోజులు మన విశ్రాంతి నుండే పోతాయన్నది నిజమే. అయినా పిల్లల పాఠం ముందన్న సూత్రం అందులో ఉన్నది.

రెండవది, తోడు. గనిలో మనిషిని ఒంటరిగా వదలరు. తెలుగు పంతులు చాలా బడులలో ఒక్కడే. కనుక చుట్టుపక్కల నాలుగు బడుల తెలుగువారు నెలకొకసారి కలవాలి. ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారుపేట, రాబర్ట్‌సన్‌పేట ఎంత దూరం? పాఠ్యప్రణాళికలు మార్చుకోవడానికి మాత్రమే కాదు. "నాకూ అలాగే ఉన్నది" అన్న ఒక్క మాట వినడానికి.

మూడవది, పనిలో మళ్ళీ అర్థం కనుగొనడం. గిడుగు రామమూర్తిగారు (1863–1940) పర్లాకిమిడిలో బడిపంతులు. విధిగా చెప్పవలసిన పాఠాలతో ఆగక, పక్కనే ఉన్న సవరల భాష నేర్చుకొని, వారి పిల్లలకు వారి భాషలో చదువు చెప్పే ఏర్పాటు చేశారు. 1911లో ఉద్యోగ విరమణ చేసినవారు 1919లో "తెలుగు" పత్రికను స్థాపించారు. తన భాష కాని అల్పసంఖ్యాకుల భాషకు ఆయన చేసిన సేవ మనవంటివారికి అద్దం. మన జిల్లాల పల్లెలలో కైవారం తాతయ్య తెలుగు తత్త్వాలు నేటికీ పాడుతారు. అవ్వల నోట సామెతలున్నాయి, గనిపని మాటలున్నాయి. పిల్లలచేత వాటిని సేకరింపజేసిన రోజున పంతులుకు పాఠం బరువు కాదు. తలల లెక్కకు అందని ఫలితం అక్కడ కంటికి కనిపిస్తుంది.

నాలుగవది, వైద్యం. నిద్ర, ఆకలి చెడి, బ్రతుకు మీదనే విరక్తి కలిగితే అది వేసటను దాటిన స్థితి. అప్పుడు వైద్యుణ్ణి చూడడంలో సిగ్గుపడవలసినదేమీ లేదు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 అనే సంఖ్యకు ఉచితంగా ఫోను చేసి మాట్లాడవచ్చు.

తల్లిదండ్రులకు ఒక మనవి. విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల నిర్వహణ సంఘంలో కనీసం నాలుగింట మూడు వంతుల సభ్యులు మీరే. మరుగుదొడ్డి, భోజనం, పుస్తకాల గురించి అడిగినట్లే "మా పంతులుగారు రోజుకు ఎన్ని గంటలు పాఠం చెప్పగలుగుతున్నారు, ఎన్ని గంటలు కాగితాలకు పోతున్నాయి?" అని కూడా ఆ సమావేశంలో అడగండి. మీ బిడ్డ ఇంటికి వచ్చి ఒక తెలుగు పద్యం తప్పులేకుండా అప్పజెప్పితే, ఆ సంగతి పంతులుగారికి చెప్పండి. గుర్తింపు లేకపోవడం కూడా వేసటకు ఒక కారణమని మాస్లాక్, ఆమె సహచరుడు మైకేల్ లీటర్ చెప్పారు. పనిభారం, పని మీద స్వాతంత్ర్యం, తోడు, న్యాయం, విలువలు అనే మిగిలిన కారణాలను సరిచేయడానికి కాలం పడుతుంది. గుర్తింపును మీరు రేపే ఇవ్వగలరు.

ఉపాధ్యాయులకు అప్పుడప్పుడు వేతనంతో కూడిన అధ్యయన సెలవు ఇవ్వాలని 1966 అక్టోబరు 5న ఆమోదం పొందిన అంతర్జాతీయ సిఫారసు చెప్పింది. ప్రపంచ ఉపాధ్యాయ దినోత్సవం ఆ తేదీననే జరుపుకుంటాము. భూగర్భంలో దిగినవానికి పదిహేను రోజులకు ఒక రోజు అదనపు దయగా రాలేదు. ఆ పని ఎటువంటిదో తెలిసినందువల్ల వచ్చింది. బడిపని ఎటువంటిదో మనం చెప్పుకోకపోతే ఎవరికి తెలుస్తుంది? డస్సిన సహోపాధ్యాయుడు కనిపించినప్పుడు "ఓపిక పట్టండి" అనడం మాని, "ఏ బరువు మోస్తున్నారు?" అని అడుగుదాము.