తిరుమల కొండదారి – తనంతట మారు గేరు



తిరుమల కొండ యెక్కుటకు పూర్వము రెండే సాధనములుండెను: తమ కాళ్లు, లేదా పరుల భుజములు. శక్తిగలవారు మెట్లదారిని నడచిరి. వృద్ధులును రోగులును డోలీలలో మోయబడిరి. 1944వ సంవత్సరము ఏప్రిల్ 10వ తేదీన మదరాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్ మొదటి ఘాటురోడ్డును ప్రారంభించుటతో మోటారుబండికి కొండదారి దొరకెను. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు దానిని రూపొందించిరని ప్రసిద్ధి. సుమారు 19 కిలోమీటర్ల ఆ దారిలో 36 వంపు మలుపులు కలవు. 1974లో రెండవ దారి యేర్పడెను. నేడు ఎక్కుటకు కొత్తదారియు, దిగుటకు పాతదారియు వాడుకలో నున్నవి. కావున మలుపులెక్కువగా గల దారియే దిగువారి పాలిటిది.

ఇంజను వేగమునకును చక్రముల వేగమునకును పొత్తు కుదుర్చునది గేరు. మొదటి గేరున ఇంజను పలుమారులు తిరిగినగాని చక్రమొక చుట్టు తిరుగదు. వేగము తక్కువ, బలమెక్కువ. నాటి డ్రైవరు కాలితో క్లచ్చి నొక్కి, చేతితో గేరు మార్చెడివాడు. ఆ శ్రమను తప్పింపగోరి అమెరికాలో జనరల్ మోటార్స్ వారు 1940 నాటి ఓల్డ్స్‌మొబైల్ కార్లలో తనంతట మారు గేరును అమర్చిరి. మన కొండదారికంటె ఆ యంత్రము కొద్దియేండ్లే పెద్దది. నేడట్టి కార్లు మన పల్లెలకును వచ్చినవి.

అయితే డ్రైవరు చేయి ఊరకుండవచ్చునా? బరువుబండి దిగుడున పోవునపుడు బండివాడు ఎద్దులను అదలింపడు. పగ్గము బిగించి మెల్లగా దింపును. కారునకు ఇంజనే ఆ పగ్గము. దిగునపుడు చక్రములే ఇంజనును త్రిప్పును. ఇంజను ఎదురుపట్టి వాని నాపజూచును. గేరు ఎంత తక్కువదో ఆ పట్టు అంత గట్టిది.

గేరుపిడి ‘డి’ యందున్నచో కారు తానే గేరు నెన్నుకొనును. కాలు తేలికగా నుండుటయు, వేగము పెరుగుటయు చూచి అది పై గేరునకు పోవచ్చును. వాలును కనిపెట్టి గేరు తగ్గించు కార్లు కొన్ని కలవుగాని, ముందున్న మలుపు వానిలో పెక్కింటికి తెలియదు. ఇంజను పట్టు సడలగా భారమంతయు బ్రేకుపై పడును. ఎడతెగక నొక్కిన బ్రేకు కాగిపోయి, పట్టు కోల్పోవును. అప్పుడెంత త్రొక్కినను బండి నిలువదు.

ఇందులకే ఆ కార్లలో ‘ఎల్’, ‘2’, ‘ఎమ్’ వంటి స్థానములు పెట్టిరి. అవి అలంకారమునకు కావు. దిగుడు మొదలుకాకముందే వేగము తగ్గించి, పిడిని తక్కువ గేరునకు మార్పవలెను. బ్రేకును అవసరమైనచోట గట్టిగా నొక్కి విడువవలెనేగాని, దానిపై కాలు మోపియే యుంచరాదు. చమురు మిగులునను ఆశతో ‘ఎన్’ నందు పెట్టుట పగ్గము విడిచి బండి తోలుటయే. ఏ కారున ఏ స్థానమో దానితో వచ్చిన పుస్తకమున నుండును.

దర్శనమై దిగివచ్చునపుడు కారులో ఇంటిల్లిపాదియు నుందురు. బండి కదలకముందే “ఏ గేరున దింపెదవు నాయనా?” యని కుమారుని గాని మనుమని గాని అడుగుట పెద్దలకు తగిన పని.