గామా ఇంటర్‌ఫెరాన్, హైడ్రోజన్ పెరాక్సైడ్: కుదిరిన లంకె

మింగిన సూక్ష్మజీవిని చంపడానికి తెల్ల రక్తకణాలు వాడే రసాయనాల్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒకటి. పుండ్లు కడగడానికి మందుల షాపులో అమ్మే పెరాక్సైడే ఇది. దీన్ని ఎక్కువగా తయారు చేయమని, సూక్ష్మజీవులను మింగే మాక్రోఫేజ్ కణాలను ఉసిగొల్పే ప్రోటీన్ గామా ఇంటర్‌ఫెరాన్. ఈ రెండింటికీ ఉన్న లంకె 1983లో గానీ తేలలేదు.

పెరాక్సైడ్‌ను ఫ్రెంచ్ రసాయనవేత్త తెనార్ 1818లోనే కనుగొన్నాడు. ఒంట్లో దాని పాత్ర బయటపడింది మాత్రం చాలా ఆలస్యంగా. 1933లో బాల్డ్రిడ్జ్, జెరార్డ్ అనే ఇద్దరు కుక్క తెల్ల రక్తకణాలకు బ్యాక్టీరియాను అందించి చూశారు. మింగుతున్నంతసేపూ ఆ కణాలు మామూలుకన్నా ఎక్కువ ఆక్సిజన్ పీల్చుకున్నాయి. మింగడానికి శక్తి కావాలి గనక ఇదేమంత వింతగా అనిపించలేదు. అయితే కణం శ్వాసను ఆపే సయనైడ్ కూడా ఈ అదనపు వాడకాన్ని ఆపలేకపోయిందని 1959లో స్బారా, కర్నోవ్‌స్కీ చూపారు. అంటే ఆ ఆక్సిజన్ శక్తి కోసం కాదు. మరి దేనికి? 1961లో అయ్యర్, ఇస్లాం, క్వాస్టెల్ జవాబు చెప్పారు: పెరాక్సైడ్ తయారీకి. ముందు సూపరాక్సైడ్ అనే ఆక్సిజన్ రూపం పుట్టి, అది పెరాక్సైడ్‌గా మారుతుందన్న సంగతి 1973లో బేబియర్ పరిశోధనతో స్పష్టమైంది.

ఇంటర్‌ఫెరాన్ కథ వేరే చోట మొదలైంది. 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ వైరస్‌ను అడ్డుకునే పదార్థంగా దాన్ని గుర్తించారు. 1965లో వీలాక్ రాజ్మా గింజల నుంచి తీసిన ప్రోటీన్‌తో తెల్ల రక్తకణాలను ప్రేరేపిస్తే అలాంటిదే మరొకటి వచ్చింది, కానీ అది ఆమ్లాన్ని తట్టుకోలేదు. గామా రకం అదే. ఇన్‌ఫెక్షన్ సోకిన ఎలుకల్లో మాక్రోఫేజ్‌లు మరింత బలపడతాయని అదే దశకంలో మెకానెస్ చూపాడు. వాటిని బలపరిచే సందేశం లింఫోసైట్లు అనే మరో రకం తెల్ల రక్తకణాల నుంచి వస్తోందని తెలిసినా, ఆ కణాలు పెరిగిన ద్రవంలో ఎన్నో ప్రోటీన్లు కలగలిసి ఉండేవి. వాటిలో అసలైనది ఏదో విడదీసి చెప్పడం ఎవరి తరమూ కాలేదు.

1982లో జెనెన్‌టెక్ శాస్త్రవేత్తలు గామా ఇంటర్‌ఫెరాన్ జన్యువును క్లోన్ చేయడంతో స్వచ్ఛమైన ప్రోటీన్ చేతికొచ్చింది. మరుసటి ఏడాది న్యూయార్క్‌లోని రాకఫెల్లర్ యూనివర్సిటీలో కార్ల్ నేథన్ బృందం దాన్ని మనిషి మాక్రోఫేజ్‌లపై ప్రయోగించింది. పెరాక్సైడ్ విడుదల పెరిగింది. టాక్సోప్లాస్మా పరాన్నజీవిని చంపే సత్తా కూడా పెరిగింది. అసలు కిటుకు దీని జోడు ప్రయోగంలో ఉంది. ఆ కలగాపులగం ద్రవంలో గామా ఇంటర్‌ఫెరాన్‌ను మాత్రమే పట్టుకునే యాంటీబాడీ కలిపితే ద్రవం ప్రభావం చాలావరకు పోయింది. ఇంటర్‌ఫెరాన్ ఉంటే పని జరగడం ఒక రుజువు, తీసేస్తే ఆగిపోవడం అంతకన్నా గట్టి రుజువు.

ఈ లంకె వైద్యానికీ దారి చూపింది. క్రానిక్ గ్రాన్యులోమాటస్ వ్యాధి పుట్టుకతో వస్తుంది. అది ఉన్న పిల్లల కణాలు పెరాక్సైడ్ సరిగా తయారు చేయలేవు. 128 మంది రోగులపై జరిగిన పరీక్షలో తీవ్రమైన ఇన్‌ఫెక్షన్లు ఉత్తుత్తి మందు తీసుకున్న 65 మందిలో 30 మందికి వచ్చాయి, ఇంటర్‌ఫెరాన్ తీసుకున్న 63 మందిలో 14 మందికే వచ్చాయి. 1990లో అమెరికా ఈ వ్యాధికి దాన్ని మందుగా అనుమతించింది. చిత్రమేమిటంటే, మేలు పొందిన రోగుల్లో ఎక్కువమందికి పెరాక్సైడ్ తయారీ చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. అంటే గామా ఇంటర్‌ఫెరాన్ ఆక్సిజన్‌తో పనిలేని ఇతర రక్షణ మార్గాలను కూడా బలపరుస్తుందన్నమాట.