పోడు ఎవరిది, పత్తి ఎవరిది: మన అడవిల పులి కథ



పోస్టు కొంచెం పొడుగైంది, ఓపికతోని చదవండ్రి. అమీర్‌పేటల హాస్టల్ రూమ్‌ల ముగ్గురం కూసొని రాస్తున్నం. ముగ్గురిది ఆదిలాబాద్ దిక్కే. ఇద్దరం గోండులం, ఒకరు కొలాం. మా ఇండ్లల్ల కాలేజీ గడప తొక్కిన మొదటోళ్లం.

మొన్న కోచింగ్‌ల పర్యావరణం క్లాస్ నడుస్తుండె. సారు బోర్డు మీద "అడవులు తగ్గడానికి కారణాలు" అని రాసి, మొదటి పాయింట్ "పోడు వ్యవసాయం" అని పెట్టిండు. వెనక బెంచి నుంచి ఒకాయన మా దిక్కు చూపించి "పులులు వీళ్ల వల్లనే పోయినయి సార్" అన్నడు. క్లాసంతా నవ్వింది. మేము కూడా నవ్వినం. బయటికొచ్చి ఛాయ్ తాగేటప్పుడు ఆయన మాట కన్నా మా నవ్వే ఎక్కువ గుచ్చింది. చెప్పుదామంటే మా దగ్గర జవాబు లేకుండె. అప్పటి నుంచి దొరికింది దొరికినట్టు చదివినం, ఇంటికి పోయినప్పుడు పెద్దోళ్లను అడిగినం. అదే ఇక్కడ రాస్తున్నం.

ముందుగాల ఒకటి ఒప్పుకోవాలె. ఆ సారు రాసింది మొత్తం అబద్ధం కాదు. ప్రపంచంల ఉష్ణమండల అడవులు పోవడానికి అన్నిటికన్నా పెద్ద కారణం వ్యవసాయమే. బ్రెజిల్‌ల అమెజాన్ అడవి పశువుల మేతబీళ్ల కోసం, సోయా కోసం పోయింది. సుమత్రాల పామాయిల్ తోటలు పెరిగినకొద్దీ అక్కడి పులికి, ఒరాంగుటాన్‌కు జాగ తగ్గింది. మన దగ్గర కూడా అడవిని తిన్నది నాగలే. ఎవరి నాగలి, ఎవరు పట్టించిన్రు, ఏ పంట కోసం, ఈ మూడు ప్రశ్నలు ఆ బోర్డు మీద లేవు.

హైదరాబాద్‌ల ఎవరన్నా గొప్పలు చెప్పుకుంటే "పెద్ద తీస్‌మార్‌ఖాన్" అంటరు కదా. ఆ పేరు 30 పులులను కొట్టినందుకు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు వచ్చిందని ఈ ఊర్ల చెప్పుకుంటరు. 30 నిజమో కాదో పక్కన పెడుదాం. వేట వల్ల పులులు చచ్చినయి, అది నిజం. మన తాతలు కూడా వేటాడిన్రు, దాచాల్సింది ఏం లేదు. కానీ అడవి అడవిలెక్క ఉంటే ఒక పులి చస్తే ఇంకో పులి వచ్చి ఆ జాగ పడుతది. అడవి చేనైతే మాత్రం వచ్చిన పులికి ఉండ జాగే లేదు. అందుకే తుపాకి కథ కన్నా చేను కథ పెద్దది.

మాలో కొలాం తమ్ముని తాత ఇప్పటికీ చెప్తడు. పాత పోడు అంటే గుట్ట వాలు మీద చిన్న ముక్క. పొదలు కొట్టి కాల్చి, జొన్న, సామ, పప్పుధాన్యాలు కలిపి చల్లేది. రెండుమూడేండ్లు పండినంక దాన్ని ఇడిసి వేరే దిక్కు పోయేది. ఇడిసిన జాగల ముందు గడ్డి, తర్వాత పొద, తర్వాత చెట్టు. ఆ గడ్డికి దుప్పులు వచ్చేవి, దుప్పి ఎనకాల పులి. గోండులది గుట్ట కింద నాగలి సేద్యమే అయినా, భూమికి అలుపు వస్తే బీడు పెట్టేది. ఇప్ప చెట్టు చేనుల ఉంటే కొట్టకపోయేది. పొద్దుగాల పువ్వు ఏరుకునేది మనోళ్లు, మనకన్నా ముందుగాల లేచొచ్చేది గుడ్డెలుగు. ఇదంతా స్వర్గమని మేము చెప్తలేం. మనుషులు తక్కువ, అడవి ఎక్కువ, అందుకే నడిచింది. కానీ నడిచింది.

అది ఆగిపోయింది నిజాం కాలంలనే. నిజాం సర్కారుకు ఆదిలాబాద్ అంటే రెండు లెక్కలు: ఒకటి టేకు, ఇంకోటి శిస్తు. టేకు కోసం అడవిని రిజర్వు చేసి గీతలు గీసిన్రు. గీత లోపల పడ్డ గూడేలను ఖాళీ చేయించిన్రు, చేన్లు ఇడిపించిన్రు. గీత బయట భూమికి సర్వే వచ్చింది. మన వాళ్లు బీడు పెట్టిన భూమి సర్వే కాయితంల ఎవరిదీ కాని భూమి అయింది. దున్నితేనే నీది, అలుపు తీర్చుకుంటున్న భూమి సర్కారుది. పట్టా అంటే ఏందో, దానికి అర్జీ ఎట్ల పెట్టాల్నో మనకు తెల్వదు. తెలిసినోళ్లు కింది నుంచి వచ్చిన్రు. మరాఠ్వాడ దిక్కు నుంచి, కరీంనగర్ దిక్కు నుంచి వచ్చి పట్టాలు చేయించుకున్నరు. వాళ్లల్ల గరీబోళ్లు కూడా ఉన్నరు, అందరిని దొరలని అనలేం. కానీ వాళ్లకు తెలిసిన సేద్యం వేరు. చెట్టు లేకుండ, బీడు లేకుండ, ఏటేటా దున్నే సేద్యం అది.

1929 నాటికి కాజీపేట నుంచి బల్లార్షా దాకా రైలు పట్టాలు కలిసినయి. మనం పండుగకు ఇంటికి పోయే భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఆ పట్టాల మీదనే పోతది. రైలు వచ్చినంక అడవిల కట్టె, చేనుల పంట రెండూ దూరపు బజారుకు పోయినయి. 1938ల సిర్పూర్ పేపర్ మిల్లు పెట్టిన్రు, వెదురు దానికి పోయింది. కాగజ్‌నగర్ పేరే కాయితం మీద వచ్చింది. కిటికీ పక్కన కూసుంటే మంచిర్యాల దాటినంక అప్పుడప్పుడు అడవి, మిగతాదంతా పత్తి. ఇదంతా ఒకప్పుడు అడవేనని మాకు చిన్నప్పుడు ఎవరూ చెప్పలే.

కొమురం భీం కథ ఈ గ్రూపుల అందరికీ తెల్సు, మళ్లీ మొత్తం చెప్పం. ఒక్క మాట. జల్ జంగల్ జమీన్ అని మనం డీజే పాటలల్ల ఎగురుతం గని, అది ఈ గీతల మీద, ఈ సర్వే మీద వచ్చిన కొట్లాట. అడవిల దున్నుకునే హక్కు, పశువులు మేపుకునే హక్కు కోసం 12 గూడేలు నిలబడ్డయి. 1940ల జోడెఘాట్‌ల భీం అమరుడైండు. దాని తర్వాతనే నిజాం సర్కారు హైమండార్ఫ్‌ను మన దిక్కు పంపింది. ఆయన ఆస్ట్రియా మనిషి, మానవశాస్త్రవేత్త. మార్లవాయిల ఉండి చూసి, గోండుల చేతుల నుంచి భూమి పోతున్నదని రిపోర్టులు రాసిండు. 1943ల మార్లవాయిల గోండు పిల్లలకు చదువు మొదలైంది. మనోళ్లకు కొన్నివేల పట్టాలు వచ్చినయి. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ సమాధి కూడా మార్లవాయిలనే ఉన్నది.

ఆ పట్టాలల్ల చాలా నిలవలే. 1970 దశకంల హైమండార్ఫ్ తిరిగొచ్చి చూసేసరికి మళ్లీ భూములు చేతులు మారినయి. అదంతా 1982ల అచ్చయిన పుస్తకంల రాసిండు. మన చేతిల చట్టం లేకపోలేదు. 1959 భూబదలాయింపు చట్టం ఉన్నది, 1970ల దాన్ని ఇంకా గట్టిగ చేసి 1/70 అన్నరు. కానీ కాయితం ఒక దిక్కు, నాగలి ఒక దిక్కు. మైదానం భూమి పోయిన గోండు ఎక్కడికి పోతడు? పైకి, గుట్ట మీదికి, రిజర్వు గీత లోపలికి. అక్కడ చెట్టు కొట్టింది ఆయన చెయ్యే. కానీ ఆ చెయ్యిని అక్కడిదాక తోసింది కింద పోయిన చేను. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిల తూటాలకు పడ్డోళ్లు అడిగింది కూడా ఆ భూమినే.

సర్కారు పులి లెక్క వేరే కాయితంల నడిచింది. 1965ల కవ్వాల్‌ను అభయారణ్యం చేసిన్రు, 2012ల టైగర్ రిజర్వ్ చేసిన్రు. కోర్, బఫర్ కలిపితే రెండు వేల చదరపు కిలోమీటర్ల పైన. అంత అడవి ఉన్నా పులి కవ్వాల్‌ల నిలవడం లేదు. మహారాష్ట్ర తడోబాల పుట్టిన పిల్లలు పెద్దయినంక సొంత జాగ వెతుక్కుంట ప్రాణహిత, పెన్‌గంగ దాటి ఇటు వస్తయి. సిర్పూర్, కాగజ్‌నగర్ అడవి దాక వస్తయి. అక్కడి నుంచి కవ్వాల్ పోవాలంటే నడుమ ఊర్లు, రోడ్లు, రైలు పట్టాలు, అన్నిటికన్నా ఎక్కువ చేన్లు.

ఆ చేన్లల్ల ఉన్నది పత్తి. ఇక్కడ మనం ఎవరి దిక్కూ వేలు చూపలేం. మా ముగ్గురి ఇండ్లల్లా పత్తే. మా హాస్టల్ ఫీజు పత్తి పైసలే. జొన్నకు ధర లేదు, పత్తికి సేటు ముందుగానే అప్పు ఇస్తడు. 2002ల బీటీ పత్తికి అనుమతి వచ్చినంక గుట్ట మీది ముక్కలల్ల కూడా అదే పెట్టిన్రు. పత్తికి నీడ పడదు, అందుకని తాతలు ఉంచిన ఇప్ప చెట్లు కొన్ని మన బాపులే కొట్టిన్రు. బీడు పెట్టే మాటే లేదు, బీడు పెడితే అప్పు ఎవరు కడుతరు?

పత్తి పులిని ఎట్ల చంపుతదో వినండ్రి. దసరా దాటినంక పత్తి నడుం ఎత్తు పెరుగుతది. అడవి పందులు దాంట్ల దాక్కుంటయి, పంట పాడు చేస్తయి. పందికని కరెంటు తీగ పెడతరు, ఆ తీగకు పులి తగులుతది. పందులు, దుప్పులు తక్కువైన దగ్గర పులి పశువును కొడుతది. పశువు పోయినోడు కోపంల కళేబరానికి మందు పూస్తడు. 2024 జనవరిల కాగజ్‌నగర్ అడవిల రెండు పులులు చచ్చిపోతే విషమే కారణమని అధికారులు చెప్పిన్రు. మనుషులు కూడా పోతున్నరు. 2020 నవంబర్‌ల పెంచికల్‌పేట మండలంల, 2024 నవంబర్‌ల కాగజ్‌నగర్ మండలంల, రెండుసార్లూ పత్తి ఏరేటప్పుడే పులి దాడిల ఆడబిడ్డలు చనిపోయిన్రు. ఇద్దరిదీ ఇంచుమించు మా వయసే. సెలవులల్ల మా అక్కచెల్లెండ్లు వంగి పత్తి ఏరేది అట్లాంటి చేన్లల్లనే. వంగిన మనిషి పులికి మనిషి లెక్క కనపడడని పెద్దోళ్లు అంటరు.

సర్కారు మాత్రం ఒక చేత్తో ఇస్తది, ఇంకో చేత్తో గీత గీస్తది. అటవీ హక్కుల చట్టం 2006ల వచ్చింది. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌ల పోడు పట్టాల పంపిణీ మొదలుపెట్టి, రాష్ట్రం మొత్తం 4 లక్షల ఎకరాల పైన ఇస్తున్నమన్నరు. రెండేండ్లు కాకముందే, 2025 మే 30న జీవో 49 వచ్చింది. తడోబాకు, కవ్వాల్‌కు నడుమ దాదాపు 1,490 చదరపు కిలోమీటర్లు, 339 ఊర్లు కలిపి కొమురం భీం పేరుతోని కన్జర్వేషన్ రిజర్వ్ అన్నరు. అడవి గీతల మీద కొట్లాడి చనిపోయిన మనిషి పేరు తెచ్చి కొత్త గీతకే పెట్టిన్రు! మనోళ్లు రోడ్డెక్కినంక జూలైల దాన్ని పక్కన పెట్టిన్రు. ఆ జీవో ఆగాలనే మేము కూడా అనుకున్నం. కానీ పులికి దారి కావాల్నన్న మాట తప్పు కాదు. గ్రామసభను అడగకుండ గీసిన గీత తప్పు. ఈ రెండు మాటలు ఒక్కసారే చెప్పాలంటే మన మీటింగులల్ల కూడా కష్టమైతున్నది. ఒకటి చెప్తే ఫారెస్టోళ్ల మనిషి అంటరు, ఇంకోటి చెప్తే అడవి దొంగ అంటరు.

ఆ క్లాసుల ఆయన మళ్లా అంటే ఈసారి నవ్వం. సర్వే సంగతి, రైలు సంగతి, పట్టా సంగతి చెప్తం. పత్తి సంగతి కూడా చెప్తం, మాది కూడా ఉన్నదని.

ఇంకో పని మొదలుపెట్టినం. మొన్న దీపావళికి దండారి చూసొస్తం అని ఇంటికి పోయి, మా ఊర్ల ముసలోళ్లను కూసోబెట్టి అడిగినం: మీరు చిన్నగున్నప్పుడు ఏ జంతువును ఎక్కడ చూసిన్రు, ఇప్పుడు ఆ జాగల ఏమున్నది? ఒకాయన 14 జాగలు చెప్పిండు. వాగు ఒడ్డున రేచుకుక్కల మంద, గుట్ట మీద అడవిదున్న, మడుగు కాడ పులి. అండ్ల 11 జాగలల్ల ఇప్పుడు పత్తి ఉన్నది, ఒకదాంట్ల ఇటుకబట్టి, రెండు ఇంకా అడవే. మీ ఊర్ల కూడా అడిగి కింద రాయండ్రి. ఊరు, జంతువు, జాగ పేరు, ఇప్పుడు ఏమున్నదో. గోండిల, కొలామిల ఉన్న పేరు తెలిస్తే అది కూడా రాయండ్రి, తెలుగు పేర్లు మాకు చాలా దొరికినయి.