ఉప్పుగడ్డి కింది అడవి

19వ శతాబ్దంలో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, డెన్నిస్‌విల్ ఊరివాళ్లు బొగ్గు తవ్వినట్టు కలప తవ్వి తీసేవారు. పొడవాటి ఇనుప చువ్వను ఊబిలో దించి వెతికేవారు. మొద్దు తగిలిందంటే, దాని నుంచి ఓ ముక్క చెక్కి పైకి తీసి వాసన చూసేవారు. గాలికి వేళ్లతో సహా ఒరిగిన చెట్టా, లోపల పుచ్చి విరిగిన చెట్టా అన్నది ఆ వాసనే చెప్పేది. గాలికి కూలినదే వాళ్లకు కావాలి. రెండు కొనలూ కోసి విడిపించగానే మొద్దు తేలి వచ్చేది, అడుగువైపు పైకి తిరిగి. దాన్ని చీల్చి ఇంటికప్పుల చెక్కపెంకులు చేసేవారు.

అది అట్లాంటిక్ వైట్ సీడార్. మంచినీటి చిత్తడిలో పెరుగుతుంది. తేలిక, తిన్నగా చీలుతుంది, తడికి తొందరగా చివకదు. పెంకులకే కాదు, పడవలకూ బాల్చీలకూ అదే కలప. 1750 ప్రాంతంలోనే స్వీడన్ పండితుడు పేటర్ కాల్మ్ ఈ అడవులు తరిగిపోతున్నాయని ఆందోళనపడ్డాడు. పైన చెట్లు కరువైనప్పుడు భూమి లోపల దొరికినవి విలువైనవే కదా.

అయితే అవి అక్కడికెలా చేరాయి? కొన్నిచోట్ల పైన మొలిచేది పోటునీటికి ఓర్చే ఉప్పుగడ్డే. సముద్రపు పోటు తగిలితే సీడార్ బతకదు.

వరదకు కొట్టుకొచ్చాయనుకుందామా? మొద్దుల మధ్య వేళ్లూని నిలిచిన మోళ్లు ఆ మాటను ఒప్పుకోవు. ఊరి వైద్యుడు మారిస్ బీస్లీ ఆరడుగుల వెడల్పున్న ఒక మోడులో 1,080 వలయాలు లెక్కపెట్టాడు. దాని కిందే మరో చెట్టు అడ్డంగా పడి ఉంది, దానికి 500 ఏళ్లు. కింది చెట్టు పెరిగి, కూలి, పూడిన తర్వాతే పైది మొలిచింది. అంటే పదిహేను వందల ఏళ్లకు పైగా అదే చోట అడవి మీద అడవి లేచింది. ఈ కథలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచే సాక్ష్యం ఇదే.

అన్నేళ్లూ కుళ్లకపోవడానికి కారణం ఆ ఊబి. పుల్లటి నీళ్లు, గాలి సోకని బురద. కుళ్లబెట్టే బూజుకు అక్కడ ఊపిరాడదు.

ఇక మిగిలింది ఉప్పు సంగతి. 1857లో భూగర్భ శాస్త్రవేత్త జార్జ్ కుక్ ఈ మోళ్లు పోటుమట్టానికి కింద ఉండటం చూసి, తీరమే కుంగుతోందని తేల్చాడు. వందేళ్లకు దాదాపు రెండడుగులని అంచనా కట్టాడు. అంకె ఎక్కువే వేశాడు గానీ దిశ సరిగ్గా పట్టాడు. మంచుయుగపు మంచు కరిగాక ఆ నేల నిజంగానే నెమ్మదిగా దిగుతోంది, మరోపక్క సముద్రం పెరుగుతోంది. దగ్గర్లోని అట్లాంటిక్ సిటీలో 1911 నుంచి కొలుస్తున్న నీటిమట్టం శతాబ్దానికి సుమారు 40 సెంటీమీటర్ల చొప్పున పైకి వస్తోంది. న్యూజెర్సీ తీరంలో ఉప్పునీరు తగిలి సీడార్లు నేటికీ నిలువునా ఎండిపోతున్నాయి.